ఊపిరి లెక్కపెట్టని రోజు

రోగి మంచం పక్కన నిలబడి, గడియారం చూసుకుంటూ, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టే డాక్టర్లు మా రోజుల్లో తక్కువ. కేస్ షీటులో నాడి ఎంతో, జ్వరం ఎంతో చూసే రాసేవాళ్ళం. ఊపిరి అన్న చోట మాత్రం చెయ్యి దానంతటదే ఇరవై అని వేసేది. రేపు ఇంటికి పోయేవాడికీ ఇరవయ్యే, ఈ పూట దాటనివాడికీ ఇరవయ్యే. నేను ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ డాక్టరుగా పనిచేశాను. మొదటి మూడేళ్ళు నేనూ అట్లాగే రాశాను. ఎందుకు మానుకున్నానో ఇప్పుడు ఉద్యోగంలో చేరుతున్న పిల్లలకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. ఇది నేను ఓడిపోయిన కేసు. ఓడిపోవడం ఒక్కటే అయితే ఇన్నేళ్ళ తర్వాత రాయడానికి కూర్చునేవాణ్ణి కాదు.

డెబ్భైల చివరి మాట. అనంతపురం జిల్లాలో పట్టుచీరలు నేసే ఒక ఊళ్ళో ఇరవై మంచాల ఆసుపత్రి. ఊరి పేరూ మనుషుల పేర్లూ చెప్పను. మాది కణేకల్ వైపు ఒక మెట్టపల్లె. మా నాయన వేరుశనగ రైతు. మా వంశంలో స్టెతస్కోపు మెడలో వేసుకున్న మొదటివాణ్ణి నేనే కాబట్టి, దాన్ని బజారుకు పోయేటప్పుడు కూడా తీసేవాణ్ణి కాదు. వరుసగా రెండో ఏడు వానలు లేవు. ఆసుపత్రి బావి ఎండిపోతే, పొద్దున్నే ఎద్దుల బండి మీద డ్రమ్ముల్లో నీళ్ళు తెచ్చి పోసేవారు.

అక్కడ నాకన్నా ముందునుంచీ ఉన్న సిస్టరమ్మ ఒకామె. నలభై దాటిన మనిషి, ఆ ఊరి ఆడపడుచే. తక్కువ మాట్లాడేది. నేను చెప్పిన మందు సరైనదైతే "అట్లే సార్" అనేది. కాకపోతే "ఇయ్యమంటారా సార్?" అని అడిగేది. ఆ రెండు మాటలకూ తేడా ఉందని తెలుసుకోవడానికి నాకు ఒక ప్రాణం ఖర్చయింది.

ఒకనాడు బయటి రోగులను చూసే గదికి ఒక నేతగాడు భార్యతో వచ్చాడు. అరవై దాటాయి. గుంత మగ్గంలో కాళ్ళు వేలాడేసి నలభై ఏళ్ళుగా తొక్కి తొక్కి మోకాళ్ళు వాచిపోయాయి. బయట వరుస గేటు దాటి ఉంది. నేను తలెత్తకుండానే ఆసుపత్రి ఆస్పిరిన్ మాత్రలు రాసి, రెండేసి మూడు పూటలా అన్నం తిన్నాక వేసుకోమన్నాను. తగ్గకపోతే ఇంకొకటి వేసుకోమన్నాను. ఆయన భార్య చదువుకోలేదు గానీ జాగ్రత్త ఉన్న మనిషి. వెళ్ళబోతూ ఆగి నా మాటనే మళ్ళీ అప్పజెప్పింది.

"పూటకు రెండు, తగ్గకుంటే ఇంగొకటి. అంతే కదా సామీ?"

అంతే అన్నాను. ఎన్నాళ్ళు వేసుకోవాలో చెప్పలేదు. చెవుల్లో హోరు మొదలైతే ఆపేయాలని చెప్పలేదు. మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పలేదు. వాళ్ళు గుమ్మం దాటేలోపే మరిచిపోయాను.

నెలన్నర గడిచింది. ఒకరోజు నేను ఆసుపత్రికి వచ్చేసరికి గేటు నిండా జనం. ఊళ్ళో పెద్ద చీరల వ్యాపారి మనవరాలు, పదో తరగతి పరీక్ష తప్పిందని ఇంట్లో తిడితే, అలిగి అలమారులోని తలనొప్పి మాత్రలు మింగింది. పిల్ల వాంతులు చేసుకుంటోంది, చెవులు గుయ్యిమంటున్నాయని ఏడుస్తోంది, పరుగెత్తి వచ్చినదానిలా పెద్దపెద్దగా ఊపిరి తీస్తోంది. మింగిన ఆస్పిరిన్ మాత్రల సీసా చేతిలోనే ఉంది కాబట్టి వ్యాధి ఏమిటో నేను కనిపెట్టవలసిన పని లేదు. ఆ పూట డ్రమ్ములో ఉన్న నీళ్ళన్నీ పిల్ల కడుపు కడగడానికే వాడేశాం. సెలైన్ పెట్టి, సోడా బైకార్బ్ ఎక్కించాను. పాత సీసాలో కొంచెం ఫెరిక్ క్లోరైడు మిగిలి ఉంటే పిల్ల మూత్రంలో చుక్కలు వేసి చూశాం. ఆస్పిరిన్ ఉంటే మూత్రం ఊదారంగుకు తిరుగుతుంది. తిరిగింది. గాజుగొట్టం పైకెత్తి వ్యాపారికీ ఆయన మనుషులకూ చూపించి, ఈ విషం రక్తంలో పులుపు పెంచుతుందనీ, ఆ పులుపును బయటికి తోయడానికే పిల్ల అట్లా ఊపిరి తీస్తోందనీ, దాన్ని ఆపకూడదనీ ఉపన్యాసం ఇచ్చాను. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. నాకు బాగుంది.

ఆ ఉపన్యాసం నడుస్తుండగానే నేతగాణ్ణి ఆయన కొడుకు, మరో ఇద్దరు నులకమంచం మీద మోసుకొచ్చారు. ఆడవాళ్ళ గదికి ఎదురుగా, పది అడుగుల వరండా దాటితే మగవాళ్ళ గది. అక్కడ పడుకోబెట్టారు. నేను చూడడానికి పోయేసరికి గంట దాటింది.

ఒళ్ళు కాలుతోంది, చొక్కా చెమటకు తడిసిపోయింది. మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. "మగ్గం ఆపండ్రా" అని అరుస్తున్నాడు. ఆసుపత్రిలో మగ్గం ఎక్కడిది? వారం రోజులుగా ఇదే వరస అని భార్య చెప్పింది. ఇంట్లో మగ్గాలు ఆపేసినా, పక్కింటివాళ్ళను బతిమాలి వాళ్ళవీ ఆపించినా, ఆపండి ఆపండి అనే అంటున్నాడట. నేను అది జ్వరపు పలవరింత అనుకున్నాను. ఊపిరితిత్తుల అడుగున కొంచెం గురగుర వినపడింది. ముసలితనం, జ్వరం, ఆయాసం కలిపితే న్యుమోనియా. పెన్సిలిన్ రాసి ఎదురు గదికి తిరిగిపోయాను. మోకాళ్ళ కోసం నా దగ్గరికి వచ్చిన మనిషేనని గుర్తురాలేదు. వాళ్ళు గుర్తుచేయబోయారేమో కూడా తెలియదు. నేను నిలబడింది అంతసేపు కాదు.

కాసేపటికి సిస్టరమ్మ కేస్ షీటు తెచ్చి చూపింది. ఊపిరి దగ్గర ముప్పై ఎనిమిది అని రాసి ఉంది. అందరిదీ ఇరవై ఉండే కాగితాల్లో ఆ అంకె తప్పులా కనిపించింది. మళ్ళీ చూడమన్నాను.

"రెండుసార్లు చూసినా సార్. ఈ పిల్ల ఎట్ల తీస్తాందో ఆయప్పా అట్లే తీస్తాండాడు. ఏమన్నా మాత్రలు మింగినాడేమో ఇంటోళ్ళను అడుగుదామా?"

వ్యాపారి మనుషులు చుట్టూ ఉన్నారు. పొద్దుటినుంచీ వాళ్ళ ముందు నేను మొనగాణ్ణి. "ఆ వయసులో ఆయన ఎవరి మీద అలిగి మింగుతాడు సిస్టర్?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కాగితం తీసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి పిల్ల తేరుకుంది. ముసలాయన మాత్రం సెలైన్ సూది పీకేసి, మంచం దిగి పోతానని పెనుగులాడుతున్నాడు. కొడుకుకు ఇరవై రెండేళ్ళుంటాయి. తండ్రి పక్కన కూర్చుని నేత నేర్చుకున్నవాడు. తండ్రి రెండు చేతులూ పట్టుకుని, చూడలేకున్నామని, ఏదో ఒకటి చేయమని నన్ను వేడుకున్నాడు. నేను నిద్ర సూది ఇవ్వమన్నాను. సిస్టరమ్మ సూదిలోకి మందు ఎక్కించి, చేతిలో పట్టుకుని నిలబడింది.

"ఇయ్యమంటారా సార్?"

ఇవ్వమన్నాను. ఆమె కదల్లేదు. రెండోసారి అడిగింది. నాకు కోపం వచ్చి సూది ఆమె చేతిలోంచి తీసుకుని నేనే వేశాను.

పది నిమిషాల్లో ఆయన అరుపులు ఆగిపోయాయి. పెనుగులాట తగ్గింది. ఊపిరీ నెమ్మదించింది. అది చూసి నేను సంతోషించాను. పొద్దున్నే పది మంది ముందు నేను చెప్పిన పాఠం, ఆ ఊపిరిని ఆపకూడదన్న పాఠం, పది అడుగుల వరండా దాటేసరికి నాకే గుర్తులేదు. ఆయన భార్య నాకు చేతులెత్తి మొక్కింది. వారం దినాల తర్వాత కన్ను మూసి పండుకున్నాడు సామీ, నీ పుణ్యమని అంది. నేను ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నాను.

నాలుగు గంటలకు లేచి వచ్చేసరికి సిస్టరమ్మ ఆయన రొమ్ము మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతోంది. నేనూ అందుకున్నాను. ఇవ్వగలిగిన సూదులన్నీ ఇచ్చాను. ఎండ ఇంకా వరండాలో ఉండగానే ఆయన పోయాడు.

మందుల గదిలో సిస్టరమ్మ నా ముందు ఒక గాజుగొట్టం పెట్టింది. లోపల ఊదారంగు. పిల్లది ఎందుకు మళ్ళీ చూపిస్తున్నావన్నాను.

"ఇది పిల్లది కాదు సార్. మీరు సూది ఏసి పోయినంక ఆయప్పది పట్టి చూసినా. మీ ఇంటికి ఆయాను పంపిస్తే, పండుకోని ఉండారు, లేపగూడదని వంటాయన చెప్పినాడంట."

ఆమె గొంతులో నింద లేదు. ఉంటే కాస్త తేలికయ్యేదేమో. అప్పుడు మాత్రమే నేను వరండాలోకి వచ్చి, అడగవలసిన ప్రశ్న అడిగాను. ఏమేమి మందులు వేసుకుంటున్నాడు? భార్య అన్నీ చెప్పింది. ఆసుపత్రి మాత్రలు పూటకు రెండు. తగ్గకపోతే ఇంకొకటి. అవి అయిపోతే మళ్ళీ ఆసుపత్రిలోనే ఇప్పించుకుంది. నొప్పి ఎక్కువైనప్పుడు అంగట్లో తలనొప్పి పొడి కూడా తెచ్చి నీళ్ళలో కలిపి తాపింది. ఆ పొడిలో ఉండేదీ ఆస్పిరినే. రోజూ కొంచెం కొంచెంగా ఆయన ఒంట్లో అది పేరుకుపోయింది. ఆయన ఆపమన్నది మగ్గాన్ని కాదు, చెవుల్లో హోరును.

కొడుకు తండ్రి కాళ్ళ దగ్గర నుంచి లేచి వచ్చాడు. ఏమైంది సార్, పొద్దున బాగానే మాట్లాడినాడు కదా అన్నాడు. పొద్దున ఆయన బాగా ఏమీ మాట్లాడలేదు. పోయినవాళ్ళ విషయంలో మనసు అట్లా చెప్పుకుంటుంది. వ్యాపారి మనుషులు, నీళ్ళబండి వాడు, ఆయాలు అందరూ చూస్తున్నారు.

"మాత్రలు ఎక్కువ పడినాయి. ఇంట్లో ఇష్టమొచ్చినట్లు ఇస్తే ఇట్లాగే అయితాది" అన్నాను.

కొడుకు మెల్లగా తల తిప్పి తల్లి వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది. మీరే కదా సామీ ఏసుకోమని చెప్పింది, అని గొణిగింది. నేను ఇన్ని వేసుకోమనలేదే అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా నోటికి వచ్చింది. సిస్టరమ్మ మందుల గది గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆ మరుసటి వారం నేను బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఏ ఊళ్ళో పనిచేసినా గడియారం చూసి నిండా నిమిషం ఊపిరి లెక్కపెట్టాను. ఇట్లాంటి రోగి వచ్చినప్పుడల్లా ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఎవరు బతుకుతారు, ఎవరు చేజారిపోతారు అన్నది మొదటి గంటలోనే కొంత చెప్పవచ్చునని నెమ్మదిగా తెలిసింది. ఒక్కసారిగా మింగి కేకలు పెట్టించే పడుచువాళ్ళకు అందరూ పరుగెత్తుతారు. రోజూ కొద్దికొద్దిగా మింగిన ముసలివాళ్ళు న్యుమోనియా అనో, చాదస్తం అనో మూల మంచం మీద ఉండిపోతారు. ఊపిరి వేగంగా ఉండి, ఒళ్ళు కాలుతూ, మతి తప్పిందంటే అది చాలా చెడ్డ గుర్తు. వయసు దానికి తోడైతే మరీ చెడ్డది. పెద్దాసుపత్రుల్లో రక్తంలో ఆస్పిరిన్ ఎంతుందో చూసే పరీక్ష వచ్చాక కూడా, రోజూ మింగినవాళ్ళలో ఆ అంకె తక్కువుందని ధీమా పడితే మోసపోతాం. మనిషిని చూడాలి, ఇంటివాళ్ళను అడగాలి. ఇదంతా నేను జూనియర్లకు చాలాసార్లు చెప్పాను. బాగా చెప్తాడని పేరు కూడా వచ్చింది. ఎక్కడ నేర్చుకున్నానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఏడేళ్ళ తర్వాత జిల్లా కేంద్రంలో ఏదో శిక్షణకు పోతే అక్కడ సిస్టరమ్మ కనబడింది. తల నెరిసింది. భోజనాల దగ్గర పక్కన కూర్చుని ఆ ఊరి సంగతులు అడిగాను. ఒకటొకటే చెప్పి, చివరికి నేను అడగకుండానే చెప్పింది.

"ఆ నేతాయప్ప కొడుకు పెద్దకర్మ అయిన దినమే ఇల్లిడిసి పోయినాడు సార్. అమ్మ చేతి అన్నం తినను, మా నాయనను సంపిన చెయ్యి అది అన్నాడంట. రాయదుర్గంలో ప్యాంట్లు కుడతాండాడు. ఆయమ్మ ఒక్కతే ఉండాది. ఆ మాట తప్పని చెప్పాల్సింది నేను కాదు కదా సార్."

ఏడేళ్ళూ ఆ చావు నా బరువు అనుకుంటూ, ఆ బరువు మోస్తున్నానని లోపల ఎక్కడో గర్వపడుతూ కూడా ఉన్నాను. మోస్తున్నది ఆ తల్లి.

శిక్షణ మధ్యలోనే మానేసి, మర్నాడు ఆ ఊరి బస్సెక్కాను. ఆమె ఎవరింటి వసారాలోనో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. నన్ను చూసి లేవబోతే వద్దని, ఎదురుగా నేల మీద కూర్చున్నాను. దారిలో కూడబలుక్కున్న మాటలేవీ అక్కరకు రాలేదు. మాత్రలు వేసుకోమన్నది నేనేనని, ఎప్పుడు ఆపాలో చెప్పనిది నేనేనని చెప్పాను. ఆ రోజు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే గుర్తుపట్టేవాణ్ణనీ, గుర్తుపట్టకపోగా ఇవ్వకూడని నిద్ర సూది నా చేత్తో ఇచ్చాననీ చెప్పాను. సూది ఇవ్వకుంటే బతికేవాడా అని నన్ను నేను అడగని రోజు లేదనీ, ఖాయంగా చెప్పలేననీ అన్నాను.

ఆమె రాట్నం ఆపింది. తర్వాత, పొడి అంగట్లో తెచ్చి తాపింది నేనే కదా సామీ అంది.

"రెండూ ఒకటే మందని నీకెట్ల తెలుస్తాదమ్మా? తెలియాల్సింది నాకు."

ఆమె చేతిలో తెగిన పోగును ముడివేసింది. తొందరపడలేదు.

"నేను మంచికే ఇచ్చినానని నాకు తెలుసు సామీ. నాకెందుకు చెప్తాండావు? పొయ్యి వానికి చెప్పు."

ఆ మర్నాడు రాయదుర్గంలో అతని చోటు వెతకడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. రేకుల షెడ్డులో నలభై కుట్టు మిషన్లు ఒక్కసారిగా మోగుతున్నాయి. అతనే నన్ను గుర్తుపట్టి లేచి వచ్చాడు. ఎదురుగా ఉన్న టీ అంగడికి తీసుకుపోయాడు. బల్ల మీద కూర్చుని తల్లికి చెప్పినదంతా మళ్ళీ చెప్పాను. ఈసారి ఆ రోజు వరండాలో అన్న మాట కూడా చెప్పాను. నన్ను నేను కాపాడుకోవడానికి మీ అమ్మను చూపించినాను అన్నాను. కొడతాడేమో అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"మా యమ్మకు చెప్పినారా?" అన్నాడు.

చెప్పానన్నాను. ఏమనిందని అడిగాడు. నీకు చెప్పమనింది అన్నాను.

"నన్నేమన్నా అనిందా?"

ఏమీ అనలేదని చెప్పాను. అతను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. బళ్ళారి పోయే బస్సు ఒకటి ఆగి, జనాన్ని ఎక్కించుకుని పోయింది.

"ఆ పొద్దు మా యమ్మను ఒక్క మాట అడిగింటే సరిపోతాండె సార్. ఎట్లిచ్చినావు, ఎవరు ఇయ్యమన్నారు అని. నేను అడగలేదు. డాక్టరే చెప్పినంక ఇంగ అడిగేదేముండాది అనుకుంటి."

టీ తాగకుండానే లేచి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. నేను కాసేపు అక్కడే కూర్చున్నాను. అతను మళ్ళీ బయటికి రాలేదు.

రెండు నెలలకు సిస్టరమ్మ దగ్గర నుంచి కార్డు వచ్చింది. అతను ఊరికి వచ్చాడట. మొదటి రోజు హోటల్లో తిన్నాడట. రెండో రోజు తల్లి పిలవకుండానే పీట వాల్చుకుని కూర్చుంటే ఆమె కొర్రన్నం, ఉలవచారు పెట్టిందట. తిన్నాడట. జరిగినదాని గురించి ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదట. నాలుగో రోజు తల్లిని తనతో రాయదుర్గం తీసుకుపోయాడట. కార్డులో నా గురించి మంచీ చెడ్డా ఏమీ లేదు.

ఆమె కొడుకు దగ్గర మూడేళ్ళు బతికింది. ఆ సాయంత్రం వరండాలో నేను నిజం చెప్పి ఉంటే, కొడుకు దగ్గరే పదేళ్ళు బతికేది.